ఈ-బుక్ రీడర్ కొనేముందు మన పుస్తకాన్ని కొలుద్దాం



స్కాలర్‌షిప్ డబ్బులు ఖాతాలో పడ్డ వారంలో హాస్టల్లో వినిపించే ప్రశ్నల్లో ఈమధ్య ఒకటి కొత్తగా చేరింది. “అన్నా, ఈ-బుక్ రీడర్ కొనుక్కుంటే మంచిదేనా? ఏ కంపెనీది తీసుకోవాలె?” అని తమ్ముళ్లు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. ఒక్క గ్రూప్-2కు తయారు కావాలంటేనే పది పన్నెండు పుస్తకాలు కావాలి. అవన్నీ ట్రంకు పెట్టెలో పెడితే బట్టలకు చోటుండదు. అరచేతి పలకలో వెయ్యి పుస్తకాలు పడతాయంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

అయితే ఇది చిన్న ఖర్చు కాదు. 2022లో వచ్చిన మామూలు కిండిల్‌ను మన దేశంలో 9,999 రూపాయలకు అమ్మారు. 2025లో పేపర్‌వైట్ వచ్చినప్పుడు దాని ధర 16,999 రూపాయలు. పైగా మనలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం. ఇటువంటి వస్తువు కొనేటప్పుడు మంచీచెడూ చెప్పేందుకు ఇంట్లో ఎవరూ ఉండరు, దుకాణంవాడు చెప్పిందే వినాలి. అందుకని పీజీ చదువుతున్న మేము కొందరం కూర్చొని, చదివినవీ చూసినవీ కలబోసుకొని ఈ వ్యాసం రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెబుతాం. ఇంగ్లీషు నవలలు, ఇంగ్లీషు చరిత్ర గ్రంథాలు ఎక్కువగా చదివేవాడికి ఈ-బుక్ రీడర్‌ను మించిన వస్తువు లేదు. తెలుగులో చదువుకొని గ్రూప్స్‌కో, డీఎస్సీకో, ఎం.ఏ. తెలుగుకో, చరిత్రకో తయారయ్యేవాడికి మాత్రం ఆరంగుళాల రీడర్ ఇప్పటికైతే సరిపడదు. తప్పు యంత్రంలో లేదు, మన పుస్తకాలు ఏ రూపంలో దొరుకుతున్నాయన్న దాంట్లో ఉంది. కాబట్టి ఏ కంపెనీది అన్న ప్రశ్నను చివరికి ఉంచి, ముందు మన పుస్తకాల సంగతి చూద్దాం.

అసలు ఈ-బుక్ రీడర్ అంటే...

చాలామంది దీన్ని చిన్న ట్యాబ్ అనుకుంటారు. కాదు. ఫోను, ట్యాబ్ తెరలు వెనక నుంచి వెలుగు చిమ్ముతాయి. రీడర్ తెర ఈ-ఇంక్ అనే పద్ధతిలో పనిచేస్తుంది. తెర లోపల వెంట్రుక మందం ఉండే లక్షలాది సూక్ష్మ గోళాలు ఉంటాయి. ఒక్కో గోళంలో పారదర్శకమైన ద్రవం, అందులో ధనావేశం గల తెల్లని రేణువులు, రుణావేశం గల నల్లని రేణువులు తేలుతుంటాయి. కింది నుంచి విద్యుత్ క్షేత్రం మారిస్తే ఏదో ఒక రంగు రేణువులు పైకి వస్తాయి. నల్లవి వచ్చినచోట అక్షరం, తెల్లవి వచ్చినచోట కాగితం. పదో తరగతి ఫిజిక్సు తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఒకసారి రేణువులు సర్దుకున్నాక కరెంటు తీసేసినా అక్షరాలు అట్లే నిలుస్తాయి. తెర పేజీ తిప్పినప్పుడే బ్యాటరీని వాడుకుంటుంది. అందుకే ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. రూముకు ఒక్క ప్లగ్గు, దానికి ఆరుగురి ఫోన్లు క్యూ కట్టే హాస్టల్లో ఇది చిన్న సుఖం కాదు. ఇంకొకటి, ఈ తెర మీద బయటి వెలుగు పడి తిరిగివస్తేనే మనకు అక్షరం కనిపిస్తుంది. ఏప్రిల్ నెల పాలమూరు ఎండలో వేపచెట్టు కింద కూర్చుంటే ఫోను తెర నల్లగా అయిపోతుంది, రీడర్ మాత్రం కాగితంలాగే ఉంటుంది. పాత రకాల్లో లైటు ఉండేది కాదు. ఇప్పటివాటిలో చాలావాటికి తెర అంచుల నుంచి పడే లైటు ఉంది. స్టడీ అవర్ అయిపోయి గదిలో లైటు ఆర్పాక చదవాలనుకునేవాళ్లు ఇది ఉందో లేదో తప్పక చూడాలి. వీడియో క్లాసులు మాత్రం ఇందులో చూడలేం. పేజీ మారడం కూడా ఫోనంత చురుకుగా ఉండదు.

దీని చరిత్ర పెద్దదేమీ కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లు 1997లో ఈ-ఇంక్ కంపెనీ పెట్టారు. 2004లో సోనీ కంపెనీ జపాన్‌లో ఈ తెరతో మొదటి రీడర్ అమ్మింది. 2007 నవంబర్ 19న అమెజాన్ కిండిల్ వచ్చింది. అప్పుడు దాని ధర 399 డాలర్లు, అయినా ఐదున్నర గంటల్లో సరుకంతా అయిపోయింది. మన దేశంలో 2010లో ఇన్ఫీబీమ్ కంపెనీ ‘పై’ అనే రీడర్‌ను 9,999 రూపాయలకు తెచ్చింది. అదే సంవత్సరం కేరళ ప్రచురణకర్తలకు చెందిన కంపెనీ ‘వింక్’ అనేది తెచ్చింది. భారతీయ భాషల పుస్తకాలు చదవవచ్చని ఇవి రెండూ ప్రచారం చేసుకున్నాయి, కానీ నిలబడలేదు. 2011 అక్టోబర్ 5న కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన ‘ఆకాశ్’ ట్యాబ్‌లను మన హైదరాబాద్‌లోనే కూర్చారు. దాని ధర రెండు వేల పైచిలుకే. కానీ అది ఈ-ఇంక్ కాదు, మామూలు తెర. వేలితో గట్టిగా నొక్కితే తప్ప పలికేది కాదు, బ్యాటరీ రెండు మూడు గంటలకే దిగిపోయేది. పేరు గొప్పగా వచ్చిందిగానీ చదువుకు ఎక్కువ ఉపయోగపడలేదు.

తెలుగు ఈ-పుస్తకంలో మూడు రకాలు

ఇక అసలు విషయానికి వద్దాం. ‘పీడీఎఫ్ ఉంది’ అంటే సరిపోదు. మనకు కంప్యూటర్ మీద దొరికే తెలుగు పుస్తకాలు మూడు రకాలు.

మొదటిది స్కాన్ పుస్తకం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మన తెలుగువాడు రాజ్ రెడ్డి చొరవతో 2000 తరువాతి సంవత్సరాల్లో పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే పథకం నడిచింది. దాని భారతీయ భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ఐఐఐటీ ఇందులో పెద్ద పాత్ర వహించాయి. వేల తెలుగు పుస్తకాలు ఆ విధంగా స్కాన్ అయ్యాయి, ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి.

మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పుస్తకాలనే తీసుకోండి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో ఆయన ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారని గ్రూప్స్‌కు చదివే ప్రతివాడికీ తెలుసు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తెలుగులో ఆ అవార్డు పొందిన మొదటి పుస్తకం అదే. ప్రతాపరెడ్డి గారు 1953లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం నుంచి లెక్కపెట్టి అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. అంటే 2014 జనవరి నుంచి ఆయన రచనలు అందరివీ అయినట్టే. ఏ సంకోచం లేకుండా దించుకోవచ్చు.

కానీ దించుకున్నది అక్షరాలు కావు, ఫొటోలు. ప్రతి పేజీ ఒక బొమ్మ. యంత్రానికి అందులో ‘క’ ఎక్కడుందో తెలియదు. అక్షరం పెద్దగా చేద్దామంటే పేజీ మొత్తం పెద్దదవుతుంది, వరుస తెర దాటి పోతుంది. ప్రతి వరుసకూ ఎడమకూ కుడికీ జరుపుకుంటూ చదవాలి. పైగా ఈ ఫైళ్లు బరువైనవి. రీడర్లలో ఉండే చిన్న ప్రాసెసర్లు ఒక్కో పేజీకి ఆగి ఆగి నడుస్తాయి.

రెండో రకం, అను ఫాంట్లలాంటి పాత పద్ధతి ఫాంట్లలో డీటీపీ చేసి పీడీఎఫ్‌గా మార్చినవి. కోచింగ్ నోట్సులు, పాత పత్రికలు, చాలా ప్రచురణకర్తల పుస్తకాలు ఈ రకమే. చూడటానికి అక్షరాలు గాజుపలక మీద రాసినట్టు ఎంతో శుభ్రంగా ఉంటాయి. కానీ ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరేచోట పెట్టి చూడండి, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. ఎందుకంటే అక్కడ ఉన్నది నిజానికి తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తొడిగిన తెలుగు ముసుగు. ‘ముల్కీ’ అని వెతికితే దొరకదు. అక్షరాన్ని పెద్దది చేసి వరుసలను మళ్లీ సర్దమంటే యంత్రం సర్దలేదు.

మూడోది యూనికోడ్ తెలుగులో ఉన్న ఈ-పబ్ ఫైలు. అసలు ఈ-పుస్తకం అంటే ఇదే. అక్షరం సైజు పెంచితే వరుసలు వాటంతటవే సర్దుకుంటాయి. వెతికితే మాట దొరుకుతుంది. తెలుగు వికీసోర్సులో వలంటీర్లు తిరిగి టైపు చేసి దిద్దిన పుస్తకాలు ఈ రూపంలో దించుకోవచ్చు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో పిల్లల కథలు తెలుగులోనూ ఉన్నాయి. మన హాస్టల్లో ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్లకు అవి బాగా పనికొస్తాయి. కానీ పోటీ పరీక్షల పుస్తకం ఒక్కటైనా ఈ రూపంలో మాకు కనపడలేదు.

ఈ-బుక్ రీడర్లు తయారైంది ఈ మూడో రకం కోసం. మన దగ్గర ఉన్నది మొదటి రెండు రకాలు. తిప్పలంతా ఇక్కడే ఉంది.

పైథాగరస్‌ను పిలుద్దాం

6 అంగుళాల తెర అంటే మూల నుంచి మూలకు 6 అంగుళాలు. చాలా రీడర్లలో వెడల్పు, ఎత్తు 3:4 నిష్పత్తిలో ఉంటాయి. కర్ణం 6 అయితే భుజాలు 3.6, 4.8. తొమ్మిదో తరగతి తమ్ముళ్లు వర్గాలు కూడి సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు పుస్తకాన్ని కొలుద్దాం. మామూలు డెమ్మీ సైజు పుస్తకం పేజీ 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. దాన్ని 4.8 అంగుళాల ఎత్తులో ఇరికిస్తే 56 శాతానికి కుదించుకుపోతుంది. పుస్తకంలో 12 పాయింట్ల అక్షరం ఏడు పాయింట్ల కంటే తక్కువవుతుంది. ఏ4 కాగితం మీద ఉన్న నోట్సు అయితే ఇంకా అన్యాయం, 41 శాతానికి పడిపోతుంది. 12 పాయింట్ల అక్షరం 5 పాయింట్లకు వస్తుంది. మందుబిళ్లల అట్ట వెనక రాసి ఉండే అక్షరాలు గుర్తు తెచ్చుకోండి. రీడర్‌ను అడ్డంగా తిప్పితే వెడల్పు 4.8 అవుతుంది, అప్పుడూ ఏ4 పేజీ 58 శాతమే.

ఇక్కడ మాకే ఆశ్చర్యం కలిగించిన లెక్క ఒకటి ఉంది. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న ఫోన్లు ఎక్కువగా ఆరున్నర అంగుళాలవి, సన్నగా పొడుగ్గా ఉంటాయి. 20:9 నిష్పత్తి అనుకుంటే పొడవు 5.9 అంగుళాలు, వెడల్పు 2.7. ఫోనును అడ్డంగా పట్టుకుంటే ఏ4 పేజీ వెడల్పు 71 శాతంతో కనిపిస్తుంది, డెమ్మీ పుస్తకమైతే అచ్చులో ఉన్నదానికంటే కాస్త పెద్దగానే కనిపిస్తుంది. అంటే తెలుగు పీడీఎఫ్ చదవడంలో పది వేల రూపాయల రీడర్ కంటే మన జేబులో ఉన్న ఫోనే మెరుగు! పేజీని నాలుగు విడతలుగా జరుపుకోవాలి, కళ్లకు శ్రమ, బ్యాటరీ దిగుతుంది, మధ్యమధ్య వాట్సాప్ మోగుతుంది. అవన్నీ నిజమే. అక్షరం కనిపించడం వరకైతే ఫోనుదే పైచేయి.

10.1 అంగుళాల ట్యాబ్ తీసుకుంటే లెక్క ఇంకా బాగుంటుంది. 16:10 నిష్పత్తిలో దాని తెర సుమారు 5.35 అంగుళాల వెడల్పు, 8.56 ఎత్తు. డెమ్మీ పేజీ 97 శాతం, అంటే దాదాపు పుస్తకం పుస్తకంలాగే కూర్చుంటుంది. ఏ4 పేజీ నిలువుగా పెడితే 65 శాతం, అడ్డంగా పెడితే పూర్తి సైజు. 10.3 అంగుళాల ఈ-ఇంక్ రీడర్లు కూడా ఉన్నాయి. అవి స్కాన్ పుస్తకాలకు ఎంతో హాయిగా ఉంటాయిగానీ, ధర మామూలు రీడర్‌కు రెండింతల పైమాటే. మనబోటివాళ్లు వాటి గురించి తెలుసుకొని ఊరుకోవడమే.

ఈ కొలతలు తెలుగుకు మరీ ముఖ్యం. ఇంగ్లీషు అక్షరం ఒక్క వరుసలో నిలుస్తుంది. మన అక్షరానికి పైన తలకట్టో గుడో, కింద వత్తో ఉంటాయి, ఒక్కోసారి రెండు వత్తులుంటాయి. ద కు ధ కు, ప కు ఫ కు, డ కు ఢ కు తేడా ఒక్క చిన్న గీత. ఏడు పాయింట్ల స్కాన్‌లో ‘అర్థ’ ఏదో ‘అర్ధ’ ఏదో పోల్చుకోవడం కష్టం. ఒకటి భావం, ఇంకొకటి సగం. అంకెలైతే మరీ ప్రమాదం. 3, 8 ఒకేలా కనిపిస్తే సంవత్సరం తప్పుగా గుర్తుండిపోతుంది.

దుకాణంలో తెలుగు ఎక్కడ?

సరే, స్కాన్లు వదిలేసి కొనుక్కొనే చదువుదామంటే? 2016 చివర్లో అమెజాన్ మన దేశంలో భారతీయ భాషల కిండిల్ పుస్తకాలు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8.11 కోట్లు, గుజరాతీ 5.55 కోట్లు, మలయాళం 3.48 కోట్లు. కాబట్టి జనం తక్కువై కాదు. కొని చదివేవాళ్లు తక్కువని లెక్కవేసుకున్నారో, ఫాంటు ఇబ్బందులో మనకు చెప్పలేదు. తెలుగు ఈ-పుస్తకాల కోసమే 2010 ప్రాంతంలో కినిగె అనే సంస్థ మొదలై కథలు, నవలలు చాలా తెచ్చింది. ఆ ప్రయత్నం గొప్పదే, కానీ పోటీ పరీక్షల పుస్తకాలకు, తెలుగు అకాడమీ గ్రంథాలకు అటువంటి దారి పడలేదు.

కొనే పుస్తకం విషయంలో ఇంకో మెలిక ఉంది. మన హాస్టల్లో ఒక అలవాటు ఎప్పటినుంచో నడుస్తోంది. సీనియర్ వెళ్లిపోతూ తెలుగు అకాడమీ పుస్తకాలు జూనియర్‌కు ఇచ్చిపోతాడు. అట్టలు ఊడిపోయి, మైనపు గుడ్డతో కుట్టుకొని, నలుగురైదుగురి పేర్లు మొదటి పేజీలో ఉన్న పుస్తకాలు మేమూ చదివాం. ఆ పేర్లలో కొందరు ఇప్పుడు టీచర్లు, ఎస్సైలు. ఈ-పుస్తకాన్ని అట్లా ఇవ్వలేం. డబ్బు కట్టినా మనం కొన్నది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి మాత్రమే. 2009 జూలైలో జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని, అమ్మినవాడికి హక్కు లేదని తేలడంతో, అమెజాన్ జనం కిండిళ్లలోంచే తుడిచేసి డబ్బు తిరిగి ఇచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ పోయాయి, అప్పుడూ డబ్బు వెనక్కి వచ్చింది. మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ 2012లో ఈ-పుస్తకాలు మొదలుపెట్టి 2015 చివర్లో మానుకొని పాఠకులను కోబో కంపెనీకి అప్పగించింది. 2025 ఫిబ్రవరి నుంచి కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకొని దాచుకునే సౌకర్యాన్నీ అమెజాన్ తీసేసింది. కాబట్టి ఐదుగురు చదవవలసిన పుస్తకమైతే కాగితం మీదే కొనండి. ఇది పాతకాలపు మాట కాదు, లెక్క. 300 రూపాయల పుస్తకం ఐదుగురు చదివితే మనిషికి 60.

టెలిగ్రామ్‌లో ఉచితంగా తిరిగే పీడీఎఫ్‌ల సంగతి కూడా చెప్పాలి. బతికున్న రచయిత పుస్తకాన్ని అట్లా పంచుకోవడం చట్టరీత్యా తప్పు. దానికి తోడు అవి చాలావరకు పాతవి. పాత ఎడిషన్‌ను గుర్తుపట్టడానికి మన జిల్లాలే చక్కని గీటురాయి. 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు, నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. నారాయణపేట జిల్లా 2019 ఫిబ్రవరిలో వచ్చింది. తెలంగాణ భూగోళం పీడీఎఫ్‌లో నారాయణపేట జిల్లాగా కనబడకపోతే అది ఎంత పాతదో మీకే తెలుస్తుంది.

ఎవరికి ఏది?

పాలమూరు విశ్వవిద్యాలయంలోనో, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో ఎం.ఏ. ఇంగ్లీషు చదివేవాళ్లు, సివిల్స్‌కు ఇంగ్లీషులో తయారయ్యేవాళ్లు రీడర్ కొనుక్కుంటే డబ్బు వృథా కాదు. కాపీరైట్ తీరిన ఇంగ్లీషు నవలలు, నాటకాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఈ-పబ్‌గా ఉచితంగా దొరుకుతాయి. డికెన్స్, హార్డీ, షేక్‌స్పియర్ అందరూ అక్కడే ఉన్నారు. నాలుగు వందల పేజీల నవలను ఫోనులో చదవలేక వదిలేసినవాడు రీడర్‌లో పూర్తిచేస్తాడు. మధ్యలో మోగేది ఏదీ ఉండదు కదా.

సైన్సు, కామర్స్ వాళ్లకు వద్దనే చెబుతాం. సమీకరణాలు, పట్టికలు, రంగు పటాలు ఆరంగుళాల్లో పాడైపోతాయి. యూజీసీ వారి ఈ-పీజీ పాఠశాల, ఇగ్నో వారి ఈ-జ్ఞాన్‌కోశ్‌లలో ఉన్న పాఠాలు చాలావరకు పెద్ద పేజీ పీడీఎఫ్‌లే. వాటికి ట్యాబ్ నయం. ట్యాబ్ లేకపోతే, జిల్లా గ్రంథాలయంలోనో కాలేజీ ల్యాబ్‌లోనో కంప్యూటర్ మీద చదివి నోట్సు రాసుకోవడం ఇంకా నయం.

తెలుగులో పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఉన్న ఫోనును బాగుచేసుకోండి. పీడీఎఫ్ చదివే యాప్‌లలో కొన్నింటిలో పేజీ చుట్టూ ఉన్న తెల్లని అంచులను కత్తిరించే సదుపాయం ఉంటుంది, అది పెట్టుకోండి. డెమ్మీ పుస్తకంలో అంచులే పేజీలో చాలా భాగం, అవి పోతే అక్షరం గణనీయంగా పెద్దదవుతుంది. స్కాన్ పేజీ నుంచి అక్షరాలు కావాలంటే గూగుల్ డ్రైవ్‌లో బొమ్మ పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మార్చి ఇస్తుంది. తప్పులు ఉంటాయి, వత్తుల దగ్గర మరీను. దిద్దుకోవాలి. కానీ ఆ దిద్దడంలోనే పాఠం సగం వచ్చేస్తుందని మాలో ఒకరి అనుభవం.

చూపు సరిగా ఆనని తమ్ముళ్ల గురించి విడిగా చెప్పాలి. వాళ్లకు రీడర్ కన్నా ఆండ్రాయిడ్ ఫోను ముఖ్యం. తెలుగును పైకి చదివి వినిపించే సదుపాయం అందులో ఉంది. అయితే అది పనిచేసేది మూడో రకం పుస్తకానికే, స్కాన్‌ను చదవలేదు. అచ్చు చదవలేనివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభించింది. వైకల్య ధ్రువపత్రంతో సభ్యులు కావచ్చు. ఆ పత్రం కోసం తిరగడానికి తోడు కావలసినవాళ్లు మాలో ఎవరినైనా అడగండి.

హాస్టల్ స్టడీ హాలుకు ఏదైనా ఇవ్వాలనుకొనే పాత విద్యార్థులకు కూడా మా సలహా ఇదే. నలుగురు కలిసి ఒక రీడర్ కొనే బదులు, ఆ డబ్బుతో ఒక 10 అంగుళాల ట్యాబ్ కొని, అందులో సురవరం వారి పుస్తకాల వంటి కాపీరైట్ తీరిన స్కాన్లు, పాఠ్యపుస్తకాలు నింపి ఇస్తే అందరికీ అందుతుంది. మిగిలిన డబ్బుతో ఆ సంవత్సరం తెలుగు అకాడమీ పుస్తకాలు ఒక సెట్టు కొనండి.

దుకాణానికి వెళితే

ఇంత చెప్పినా రీడరే కొంటామంటే, కిండిల్, కోబో, పాకెట్‌బుక్, ఓనిక్స్ బూక్స్ ఏదైనా సరే, ఫోనులో ముందే తెలుగు ఈ-పబ్ ఒకటి, తెలుగు స్కాన్ పీడీఎఫ్ ఒకటి దించుకొని వెళ్లండి. తెలిసినవాళ్ల దగ్గర అదే మోడల్ ఉంటే ఇంకా మంచిది. ఆ రెండూ అందులో వేయించి చూడాలి. కిండిల్‌లో అయితే ఈ-పబ్‌ను నేరుగా పెట్టలేం. ‘సెండ్ టు కిండిల్’ ద్వారా పంపితే 2022 నుంచి తీసుకుంటోంది. ఓనిక్స్ బూక్స్‌వి ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి కాబట్టి యాప్‌లు వేసుకోవచ్చు.

ఈ-పబ్‌లో రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, స్వాతంత్ర్యం, వైశిష్ట్యం అనే మాటలు వెతికి చూడండి. డబ్బాలు డబ్బాలుగా వస్తే ఆ యంత్రంలో తెలుగు ఫాంటే లేదు. వత్తులు కిందికి దిగకుండా పక్కన పొల్లులతో వరుసగా నిలబడితే ఫాంటు ఉన్నా అక్షరాలు కూర్చడం దానికి రాదు. ఫాంటును మనమే వేసుకునే వీలుందా అని అడగండి. కొన్నింటిలో ఉంటుంది, అప్పుడు మండలి, రామభద్ర, గిడుగు వంటి ఉచిత తెలుగు ఫాంట్లు వేసి మళ్లీ చూడాలి. స్కాన్‌లో ఒక పేజీ పూర్తిగా, నిలబడి, దుకాణంవాడు తొందరపెట్టినా చదవండి. పది పేజీలు వరుసగా తిప్పి ఎంతసేపు పడుతుందో చూడండి. మెమరీ కార్డు పెట్టే చోటుందో లేదో, మీ ఫోను చార్జరే దీనికీ సరిపోతుందో లేదో, తెర పగిలితే బాగుచేసేవాళ్లు హైదరాబాద్‌లోనైనా ఉన్నారో లేదో అడగండి. తెర పగిలిన రీడర్‌ను బాగుచేయించే ఖర్చు ఒక్కోసారి కొత్తదాని ధరకు దగ్గరగా ఉంటుంది. గట్టి అట్ట కవరు డబ్బులు మొదటే లెక్కలో కలుపుకోండి.

హాస్టల్ తరఫున కొనే ట్యాబ్ అయితే ఖాతాను ఏ ఒక్కరి సొంత మెయిల్‌తోనూ తెరవవద్దు. ఆ విద్యార్థి హాస్టల్ వదిలిపోయిన రోజున పాస్‌వర్డ్ కూడా పోతుంది. హాస్టల్ పేరుతో కొత్త మెయిల్ తెరిచి, దాని వివరాలు వార్డెన్ సార్ దగ్గర రిజిస్టర్‌లో రాసి ఉంచాలి. ఎవరు ఎన్ని గంటలకు తీసుకున్నారు, చార్జింగ్ ఎంత ఉండగా తిరిగి ఇచ్చారు అన్నది స్టడీ అవర్ లీడర్ రాయాలి. రాత్రి చార్జింగ్ పెట్టే బాధ్యత వారానికి ఒకరిది.